పడవ బండి చక్రం

ఆఖరి నట్టు ఒక్కటే రాలేదు. మిగతావన్నీ పానాకు లొంగి గోనెపట్ట మీదికి రాలాయి గానీ అది మాత్రం తుప్పుతో కరుచుకుని కూర్చుంది. నీళ్ళలో దిగి నీళ్ళలోంచి ఎక్కే బండికి తుప్పు పట్టక ఏం చేస్తుంది అనుకుంటూ చిన్నసుబ్బమ్మ దాని మీద కాస్త కిరసనాయిలు పోసి, నానేదాకా ఆగుదామని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పడవ బండి అంటే ఏమంత లేదు. రెండు పాత స్కూటరు చక్రాలు, వాటి నడుమ ఇనుప ఇరుసు, పైన పడవ అడుగు ఆనేట్టు గోనె చుట్టిన కొయ్యదిమ్మెలు, లాగడానికి ముందుకు చాచిన పొడుగాటి కమ్మి. వానలు పడితే దాంతో పనే ఉండదు, మైలవరం రిజర్వాయరు నీళ్ళే కొట్టం గుమ్మం దాకా వచ్చి పలకరిస్తాయి. ఎండలు ముదిరితే ఆ నీళ్ళు వెనక్కి వెనక్కి జరిగిపోయి, పడవకూ నీళ్ళకూ మధ్య పగిలిన ఒండ్రునేల మిగులుతుంది. పడవను నీళ్ళ దగ్గరే వదిలేద్దామా అంటే తెల్లారేసరికి ఎవడో ఒకడు వాడుకుని ఎక్కడో పారేసి పోతాడు. కాబట్టి ఆ నేల మీద దాన్ని నలుగురు మగవాళ్ళైనా మోయాలి, లేదా ఈ బండి మీద ఎక్కించి ఒక ఆడమనిషైనా లాక్కుపోవాలి. ఎడమ చక్రం కొన్నాళ్ళుగా మెల్లగా గాలి వదులుతోంది. పొద్దున కొడితే సాయంత్రానికి మెత్తబడేది, మళ్ళీ కొట్టేది, ఎక్కడ పోతోందో చూద్దామని అనుకోవడమే గానీ చూసింది లేదు. ఈ రోజు మధ్యాహ్నం బండి ఒక పక్కకు ఒరిగి, టైరు చచ్చిన పాములా నేలకు పరుచుకుని కనిపించింది. సరే, ఈ రోజు తీరికే. ఊళ్ళో మగవాళ్ళంతా లారీలెక్కి జమ్మలమడుగు సభకు పోయారు, దాటేవాళ్ళు లేరు, దాటించమని కేకేసేవాళ్ళు లేరు.

పెద్దాయన ఈ రోజు పార్టీ మారుతున్నాడు. ఇన్నేళ్ళూ ఎవరి మీదికి మనుషుల్ని పంపాడో, ఎవరి మనుషులు వచ్చి తన వాళ్ళను నరికిపోయారో, ఆ ఎదుటి పెద్దమనిషి పక్కనే కూర్చుని ఇద్దరూ ఒకే కండువా కప్పుకుంటారట. ఆ సంగతి వరసకు మరిదయ్యే నారాయణ వచ్చి చెప్పిపోయాడు. పెద్దాయన జీపు తోలేదీ, పెద్దాయన మాటను ఊళ్ళకు మోసుకొచ్చేదీ ఆ నారాయణే. “ఇంగ కొట్లాటల్లేవు వదినా, అంతా ఒకటే” అన్నాడు, పెళ్ళికి పిలిచినట్టు నవ్వుతూ. ఆహా అంది ఆమె. పడవకు మళ్ళీ రంగు మార్చాలేమో అని మాత్రం తోచింది. ఆ పడవ పెద్దాయన ఇప్పించిందే. ఆమె మొగుడు చెన్నకేశవులు పెద్దాయన జీపులో బాంబుకు పోయిన ఏడాది, కట్ట మీద ఊరంతా నిలబడి చూస్తుండగా, పార్టీ రంగు పూయించి, కొబ్బరికాయ కొట్టించి ఇప్పించాడు. మేకల్నీ గొర్రెల్నీ అవతలి గడ్డ బీళ్ళకు దాటించుకో, మనుషుల్నీ దాటించుకో, నీ బతుక్కు లోటుండదు అన్నాడు. లోటు లేదు నిజమే. తర్వాత ఒకసారి పార్టీ మారితే పాత రంగు మీద కొత్త రంగు పూశారు. రాళ్ళకు రాసుకున్నచోటల్లా కింది రంగు తొంగి చూస్తూ ఉంటుంది, మానిన పుండు చుట్టూ చర్మంలాగా.

కంపచెట్ల వెనక చప్పుడైతే మేక అనుకుంది. మనిషి. ఒక కాలికే చెప్పు ఉంది, చొక్కా ముళ్ళకు చీరుకుపోయింది, నోరు తెరిచి గాలి మింగుతున్నాడు. వచ్చినవాడు ముందు ఆమెను చూడలేదు, పడవను చూశాడు. పడవ కొట్టం నీడలో మొద్దుల మీద ఉంది. వాడు భుజం ఆనించి తోశాడు. అది పిసరంత కదిలి ఆగిపోయింది. అప్పుడు తిరిగి చూశాడు.

“అక్కా, ఆ గడ్డకు దాటిస్తావా?”

“పంచరు” అంది చిన్నసుబ్బమ్మ.

అనేటప్పటికే చూసింది, వాడి కుడిచెయ్యి. బొటనవేలూ, పక్కన సగం వేలూ, తక్కినదంతా ముద్దకట్టిన చర్మం. ఆ చేతిని ఆమె ప్రొద్దుటూరు కోర్టులో చూసింది. అప్పుడు దాన్ని గుడ్డలో చుట్టుకుని బోనులో నిలబడ్డాడు, జడ్జి తీయమంటే తీశాడు, మళ్ళీ చుట్టుకోవడం చేతకాక అలాగే వేలాడేశాడు. ఓబులయ్య. చెన్నకేశవులు కూర్చున్న జీపు మీద బాంబు వేసినవాడు. సాక్షులు దుమ్ము అన్నారు, పొగ అన్నారు, గుర్తుపట్టలేమన్నారు, వాడు బయటికి నడిచి వచ్చాడు. ఇప్పుడు వాడు కూడా ఆమెను గుర్తుపట్టాడు. పట్టినట్టు వాడి కళ్ళు కిందికి దిగి గోనెపట్ట మీది నట్ల దగ్గర ఆగిపోవడంలో తెలిసింది. పారిపోతాడేమో అనుకుంది. పారిపోలేదు. ఎక్కడికని పారిపోతాడు, ముందు నీళ్ళు, వెనక ఎవరో ఉండబట్టే కదా ఈ ఎండలో కంపలో పడి వచ్చాడు. గుండె దడదడలాడాలి కదా అని చిన్నసుబ్బమ్మ ఒకసారి లోపలికి చూసుకుంది. ఆడలేదు. నట్టు నానిందేమోనని పానా అందుకుంది.

“ఎంతసేపు పడ్తాది?” అన్నాడు.

“పట్టుకో ఆ చక్రం, తిరక్కుండా.”

వాడు మోకాళ్ళ మీద కూర్చుని, ఉన్న చేత్తో ఒక పక్కా, లేని చేతి మణికట్టుతో ఒక పక్కా చక్రాన్ని అదిమాడు. ఆమె పానా మీద ఒళ్ళంతా వేసి తిప్పింది. కిర్రుమని, ఎవరో పళ్ళు నూరినట్టు, నట్టు వదిలింది. స్కూటరు చక్రం రేకు రెండు పళ్ళేలు మూతికి మూతి ఆనించినట్టు ఉంటుంది, నట్లు తీస్తే విడిపోతుంది, లారీ టైరు మాదిరి గునపాలు పెట్టి పెకలించే పని లేదు. ఇదంతా దావూద్ నేర్పిందే. జమ్మలమడుగు బస్టాండు పక్కన పంచర్లు వేసుకునే దావూద్‌కు ఆమె ఒకసారి చావబోయే మేకపిల్లను బతికించి ఇచ్చింది. దానికి బదులుగా అతడు పాత ఇనుమంతా ఏరి ఈ బండి చేసి ఇచ్చాడు. నాకు నువ్వు ఏమీ ఇయ్యద్దు చిన్నమ్మా, దీని పంచర్లు మాత్రం నువ్వే ఏసుకోవాల, ప్రతిసారీ నేను రాలేను అని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఆమె జీవితంలో ఒకరు దయగా కాకుండా, లెక్కకు లెక్కగా ఇచ్చిన వస్తువేదన్నా ఉంటే ఆ బండే.

ట్యూబు లాగి, కాస్త గాలి కొట్టి, సత్తు బేసిన్లో నీళ్ళు పోసి ముంచింది. వేళ్ళ మధ్య ట్యూబును కొంచెం కొంచెంగా జరుపుతూ నీళ్ళకేసి చూస్తూ ఉంటే చూపు నీళ్ళలోకి దిగి ఎక్కడికో పోతుంది. ఆ రోజు కూడా ఇలాగే బేసిన్ ఉంది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో తెల్లటి ఎనామిల్ బేసిన్, అంచు పెచ్చులూడి నల్లటి మచ్చలు. దాన్నే చూసింది ఆమె, మంచం మీద పడుకోబెట్టిన దాన్ని చూడకుండా. పాలు పిండని మేకలు గుర్తుకొచ్చాయి, పొదుగులు బిగిసిపోయి అరుస్తుంటాయి, ఎవరు చూస్తారు అనుకుంది. ఆమె అక్క పెద్దసుబ్బమ్మ పక్కనుంచి తొడ గిల్లింది, ఏడువే, నలుగురూ చూస్తాండారు, ఏడువు అని. గిల్లినచోట నల్లగా కమిలి పదిరోజులకు పైనే ఉండిపోయింది. ఏడుపు మాత్రం రాలేదు. దినాలనాడూ రాలేదు, గాజులు తీసేటప్పుడూ రాలేదు. దుఃఖం లోపల గడ్డకట్టింది, ఒకనాడు పగుల్తుంది అన్నారు ఆడవాళ్ళు. పగల్లేదు. ఏళ్ళు పోయాయి. ఉప్పు తక్కువైతే తెలిసేది కాదు, ఎక్కువైనా తెలిసేది కాదు. నిప్పు మీద చెయ్యి పడితే వాసనకు తెలిసేది.

బుడగ. ఒకటి లేచి పగిలింది, వెనకే ఇంకొకటి. సన్నగా, దారం లాగా, ఆగకుండా. అక్కడ గోటితో గుర్తు పెట్టుకుని, టైరు లోపలివైపు చేత్తో తడమసాగింది. గుచ్చినది లోపలే ఉంటుంది, దాన్ని తీయకుండా ట్యూబు అతికిస్తే మళ్ళీ పొడుస్తుంది అని దావూద్ వందసార్లు చెప్పేవాడు.

“అక్కా, రక్తం వస్తాంది” అన్నాడు ఓబులయ్య.

చూసుకుంటే వేలి కొసన ఎర్రగా ఉంది. టైరులో కంపముల్లు మొన విరిగి ఉండిపోయి ఆమె వేలిలో దిగింది. ఓహో ఇదా అనుకుని, ముల్లును పళ్ళతో లాగి ఉమ్మేసి, వేలిని చీరకు తుడుచుకుంది. వాడు అదంతా చూశాడు. చూసి, లేచి ఒకసారి కట్టవైపు తొంగి చూసి వచ్చాడు. కట్ట మీద రోడ్డు తెల్లగా, ఖాళీగా, ఎండలో వణుకుతూ ఉంది.

“మీ అమ్మ ఉండాదా?” అంది చిన్నసుబ్బమ్మ ఆకురాయి కోసం సంచిలో వెతుకుతూ.

ఎందుకు అడిగిందో ఆమెకే తెలీదు. నోటికి వచ్చింది. వాయిదాకు పోయిన మొదటిరోజు కోర్టు వసారాలో ఒక ముసలామె ఆమె పక్కన చతికిలబడింది. ఒళ్ళో వేయించిన చెనక్కాయలు పోసుకుని ఒలుచుకుంటూ, ఈమె ఒళ్ళోనూ ఒక పిడికెడు పోసి, నా పేరు మునెమ్మ తల్లీ, మాదీ గొర్రెలోళ్ళ ఇల్లే అంది. ఇద్దరూ గాలికుంటు రోగం గురించి మాట్లాడుకున్నారు, మందు ఎక్కడ దొరుకుతుందో చెప్పుకున్నారు. నీ కేసేంది తల్లీ అని అడిగింది ముసలామె. మా ఆయన్ని సంపినారు అంది ఈమె. అయ్యో తల్లీ, నా కొడుకును కూడా హత్య కేసులో ఇరికించినారు, వాడట్టాటోడు కాదు అంది మునెమ్మ. అప్పుడు బిళ్ళబంట్రోతు కేక వేశాడు, ఇద్దరూ ఒకే కేకకు లేచారు. లేచి ఒకరినొకరు చూసుకున్నారు. మునెమ్మ ముఖం అప్పుడు ఎలా అయిందో చెప్పడానికి చిన్నసుబ్బమ్మకు ఇప్పటికీ మాట లేదు. ఇచ్చిన చెనక్కాయలు వెనక్కి అడుగుతుందేమో అనుకుంది, ఎందుకనుకుందో. అడగలేదు. తర్వాతి వాయిదాలకు ఇద్దరూ వసారాకు చెరో కొసన కూర్చునేవాళ్ళు, ఒకరు తల తిప్పుకుంటే గానీ రెండోవాళ్ళు చూసేవాళ్ళు కాదు.

“పోయిన ఏడు పోయింది” అన్నాడు ఓబులయ్య. “అప్పుడు నన్ను అనంతపురం పక్క దాపెట్టిన్న్యారు. మట్టి ఎయ్యనీకి గూడా రానీలేదు.”

ఆమె తల ఊపింది. ఆకురాయితో ట్యూబు మీద గీరసాగింది. నున్నగా ఉంటే అతుక్కోదు, గరుకు కావాలి. నల్లటి పొడి రాలుతోంది. గీరుతుంటే వాడు మాట్లాడుతున్నాడు. అడగకుండానే, ఆమెకు కాదన్నట్టు, బేసిన్లో నీళ్ళకు చెబుతున్నట్టు.

“ఇద్దరూ రాజీ అయిపోయినారక్కా. మొన్న ప్రొద్దుటూర్లో మా పెద్దాయన తోటింట్లో కూచోని తిన్నారు, తాగినారు. మీ పెద్దాయన అడిగినాడంట, కేశవులు మీద బాంబు ఏసినోన్ని నాకియ్యి, మా వాళ్ళకు నేను మొగం సూపించుకోవాల గదా అని. మా పెద్దాయన సరే అన్న్యాడు. మా పెద్దాయనే సరే అన్న్యాడు. పదేళ్ళు ఆయన జీబు ఎనక పరిగెత్తినా నేను.”

సరే అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. అంటే వీడిని చిన్నసుబ్బమ్మ కోసమే చంపబోతున్నారన్నమాట, ఆమె మొగుడి పేరు చెప్పి. ఆమెను ఎవరూ అడగలేదు. నారాయణ రంగురంగుల మాటలు చెప్పాడు గానీ ఈ మాట చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమనేది? ఆహా అనేది. అంతకు మించి ఏమీ అనేది కాదని ఆమెకు తెలుసు. సొల్యూషన్ ట్యూబు మూత తీసి, ఒక చుక్క పిండి, వేలితో పలచగా పరిచింది. ఇది ఆరాలి. తడి మీద ప్యాచి వేస్తే నిలవదు, వేలు ఆనిస్తే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు వెయ్యాలి. దీనికి తొందరపెట్టి లాభం లేదు, ఎవరి ప్రాణం పోతున్నా అది ఆరినప్పుడే ఆరుతుంది.

“నేనే ఏసినా అక్కా” అన్నాడు ఓబులయ్య. “కోర్టులో లేదన్న్యాను గానీ నేనే. మైదుకూరు రోడ్డు కల్వట్టు కాడ. ముందు సీట్లో ఎర్రంచు టవాలు కప్పుకోనుంటాడు, ఆయనే వాళ్ళ పెద్దాయన, ఏసెయ్ అన్న్యారు. ఏసినా. పొగ పోయినాక సూస్తే వేరే మనిషి.”

గాలి కొంచెం వీచింది. సొల్యూషన్ వాసన, నీళ్ళ వాసన. దూరంగా నీళ్ళు ఇంకినచోట, ఎప్పుడో మునిగిన పాత ఊరి గోడలు బయటపడి ఉన్నాయి, వాటి మీద కొంగలు. ఎర్రంచు టవాలు. ఆ మాట ఆమె చెవిలో పడి, ఎక్కడికి పోవాలో తెలీక అక్కడే తిరుగుతూ ఉంది. చెన్నకేశవులుకు అటువంటి టవాలు లేదు. ఉన్నవి నల్లగొంగడీ, చారల తుండూ. ఆసుపత్రిలో ఆయన వస్తువులని చెప్పి ఒక మూట ఇచ్చారు, అందులో తెల్లటి టవాలు, ఎర్రటి అంచు, సగం నల్లగా గట్టిపడి ఉంది. ఇది మాది కాదే అనుకుంది అప్పుడే. పెద్దింటిది కదా అని, ఎవరి వస్తువు వాళ్ళకు చేర్చాలని, రిజర్వాయరు నీళ్ళలో చాలాసేపు ఉతికి, ఆరబెట్టి, మడిచి పెద్దాయన భార్య పద్మావతమ్మకు తీసుకెళ్ళి ఇచ్చింది. పద్మావతమ్మ తీసుకుంది. కళ్ళెత్తలేదు. ఎంత మెత్తటి మనసు, చూడలేకపోతోంది అనుకుంది. ఇంకా వెనక్కి. ఆ పొద్దున. పెద్దింటి కళ్ళంలో చిన్నసుబ్బమ్మ చెనక్కాయలు చెరుగుతోంది. చెన్నకేశవులు పిల్లవాడిలా పరిగెత్తుకుని వచ్చాడు, ఈ పొద్దు నన్ను ముందు సీట్లో కూచోమన్న్యాడే పెద్దాయన అని, ఎప్పుడూ వెనక నిలబడి కమ్మి పట్టుకుని పోయేవాడు. పెద్దాయనకు కడుపులో బాగాలేదట, రానంటున్నాడట. జీపు కదలబోతుంటే పద్మావతమ్మ మెట్లు దిగి వచ్చింది. ఎండగా ఉండాది కేశవులూ, ఇది కప్పుకో అని ఇచ్చింది. అంత పెద్దింటి ఆడమనిషి స్వయంగా మెట్లు దిగి వచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని భుజాల చుట్టూ కప్పుకుని, ఎలా ఉండా అన్నట్టు ఈమెకేసి చూసి నవ్వాడు. ఆ నవ్వు ఆమె ఇన్నేళ్ళు గుర్తుంచుకుంది. టవాలు గుర్తుంచుకుంది. రెండింటినీ ఎప్పుడూ ఒక దగ్గర పెట్టి చూడలేదు.

“మేం కాపు కాసిన సంగతి మీ పెద్దాయనకు ముందే తెలుసంట” అంటున్నాడు ఓబులయ్య. “మొన్న తాగినప్పుడు ఆయనే చెప్పినాడు. గొర్రెలోనికి నా టవాలు కప్పి పంపిస్తి, నువ్వు నమ్మేస్తివి అని. మా పెద్దాయన పడీపడీ నవ్వినాడు. నేను వాకిట్లో నిలబడుకోని విన్నా. నవ్వుతాండారక్కా. ఇద్దరూ.”

చిన్నసుబ్బమ్మ వేలి కొసను సొల్యూషన్‌కు ఆనించి చూసింది. అంటీ అంటనట్టు ఉంది. ప్యాచి వెనక కాగితం పీకి, గుర్తు మీద పెట్టి, బొటనవేలితో నడుమనుంచి అంచులకు అదుముతూ పోయింది, గాలి లోపల చిక్కకుండా. తర్వాత పానా వెనకభాగంతో మెల్లగా తట్టింది. ఏమీ జరగలేదు లోపల. కోపం వస్తుందేమోనని చోటిచ్చి చూసింది, రాలేదు. అయితే ఒకటి జరిగింది. ఇన్నేళ్ళూ ఆమె తలలో చెన్నకేశవులును చంపినవాడు అనే చోట ఈ చెయ్యి ఉండేది, వేళ్ళు లేని ఈ ముద్ద. ఇప్పుడు అక్కడ పద్మావతమ్మ చెయ్యి ఉంది, గాజులతో, మడిచిన టవాలుతో. అంతే. చోటు మారింది.

“దుమ్ము” అన్నాడు ఓబులయ్య.

కట్ట మీద, చివర, తెల్లటి దుమ్ము లేచింది. అది బస్సు దుమ్ము కాదు, బస్సులన్నీ సభకు పోయాయి. జీపు దుమ్ము. వాడు లేచి పడవ దాకా పోయి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు గానీ పోదాం అనలేదు. అడిగే హక్కు తనకు లేదనుకున్నాడేమో. చిన్నసుబ్బమ్మ ట్యూబును టైరులో దోపి, పళ్ళేలు రెండూ కలిపి, నట్లు బిగించసాగింది. ఒకటి వదిలి ఎదురుగా ఉన్నది, మళ్ళీ దాని పక్కది, దావూద్ చెప్పినట్టే, రిమ్ము ఒక పక్కకు లాగకుండా. తొందరపడలేదు, నెమ్మదించనూ లేదు. కావాలనుకుంటే నట్టు ఒకటి ఇసుకలో పారేసి, పడిపోయిందప్పా అనొచ్చు. ఆ ఆలోచన వచ్చింది, ఎవరిదో అయినట్టు కాసేపు పక్కన నిలబడి, పోయింది. పంచరు వేయడం మొదలుపెట్టింది తను, వీడు రాకముందే. మొదలుపెట్టిన పని అయిపోవాలి.

“గాలి కొట్టు.”

వాడు పంపు మీదికి ఉరికాడు. ఒక చేత్తో పిడి, మణికట్టుతో రెండో కొస, పడుతూ లేస్తూ కొట్టాడు. టైరు మెల్లగా లేచి నిలబడింది. చక్రం ఇరుసుకు ఎక్కించి, బండిని పడవ కిందికి తోసి, ఇద్దరూ చెరో పక్కనుంచి ఎత్తి పడవను దిమ్మెల మీదికి జరిపారు. కమ్మి ఆమె పట్టుకుంది, వాడు వెనకనుంచి ఛాతీ ఆనించి తోశాడు. పగుళ్ళ నేల మీద బండి ఎగిరి పడుతూ, కడకడమంటూ, నీళ్ళకేసి దొర్లింది. ఇంత తేలిగ్గా అది ఎప్పుడూ కదల్లేదు. జీపు కట్ట దిగింది, ఒండ్రులో ముందు చక్రాలు కూరుకుని ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి. అప్పటికి నీళ్ళు పడవ కిందికి చేరి దాన్ని దిమ్మెల మీదనుంచి పైకి తీసుకున్నాయి. ఆమె బండిని ఒడ్డున వదిలి, పడవలోకి ఎక్కి, తెడ్లు అందుకుంది. వాడు అడుగున పడుకున్నాడు.

“వదినా!” నారాయణ గొంతు. ఒండ్రులో పడి పరిగెత్తుకొస్తున్నాడు, వెనక తెల్లబట్టల మనుషులు, ఒకడి చేతిలో గోనెసంచి, కింద పడకూడని వస్తువును పట్టుకున్నట్టు రెండు చేతుల్లో. “వదినా, వాడెవుడో నీకు తెలుసా? వాడే మా అన్నను సంపింది! తిప్పు పడవ!”

తెడ్డు వేసింది. నీళ్ళు పలచగా, పచ్చగా వెనక్కి పోయాయి.

“తిప్పకుంటే నువ్వన్నా దూకు వదినా! దూకు, నీకు ఈత వస్తాది గదా!”

ఎందుకు దూకమంటున్నాడో ఆమెకు అర్థమైంది. ఓబులయ్యకూ అర్థమైంది. వాడు అడుగునుంచే, ముఖం చెక్కకు ఆనించుకుని, “దూకక్కా” అన్నాడు. “నీకెందుకు. దూకు.”

ఆమె దూకలేదు. ఎందుకు దూకలేదో తర్వాత చాలామంది చాలా రకాలుగా చెప్పారు, ఆమెది దేవతలాంటి మనసని కొందరూ, మతిలేదని కొందరూ. నిజానికి ఆమెకు అప్పుడు మనసులో ఏమీ లేదు. తెడ్డు నీళ్ళలో దింపాలి, లాగాలి, ఎత్తాలి, మళ్ళీ దింపాలి. పడవలో ఒక మనిషి ఉన్నాడు, ఆ గడ్డకు పోవాలన్నాడు. గోనెసంచి పట్టుకున్నవాడు నారాయణకేసి చూశాడు, నారాయణ పడవకేసి చూశాడు, కేశవులు పెండ్లాం ఉన్న పడవ మీద బాంబు వేసి ఏ ముఖంతో ఊళ్ళోకి పోవాలో తెలీక చెయ్యి అడ్డం పెట్టాడు. ఒడ్డు చిన్నదైపోయింది.

అవతలి గడ్డ తగిలాక ఓబులయ్య దిగాడు, మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఆమె కాళ్ళకు మొక్కబోయి, పడవ అంచు అడ్డం వచ్చి, ఆ అంచునే ముట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. చిన్నసుబ్బమ్మ కొండకేసి చెయ్యి చూపింది. మేకల దారి అది, వంక పట్టుకుని పోతే రోడ్డు తగలకుండా చాలాదూరం పోవచ్చు. వాడు పోయాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు గానీ ఆమె అప్పటికే పడవ తిప్పింది. తిరిగి పోవలసింది ఆ ఒడ్డుకే, వాళ్ళు నిలబడ్డ ఒడ్డుకే. వేరే ఒడ్డు ఆమెకు లేదు.

నారాయణ పాంటు మోకాళ్ళదాకా బురద. అరవాలని వచ్చాడు గానీ, ఆమె ముఖం చూశాక అరవలేకపోయాడు.

“ఏం పని చేసినావు వదినా? పెద్దాయనకు ఏం చెప్పాల నేను? నీకోసమే గదా ఇదంతా. అన్నకోసమే గదా.”

ఆమె పడవ దిగి, ముకుతాడులా వేలాడుతున్న పడవ తాడును పట్టుకుని, దాన్ని తెచ్చి నారాయణ చేతిలో పెట్టింది.

“పడవ మీది. తీసకపోండి.”

“అదేంది?”

“పెద్దాయనకు ఇచ్చెయ్యి. నాకొద్దు.”

నారాయణ తాడుకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. ఏం తెలుసో, ఎంత తెలుసో కొలుస్తున్నట్టు చూసి, తెలిసిందని గ్రహించి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ రోజు జీపు తోలింది అతడే. బాంబు పడకముందే, కల్వర్టు దగ్గర వేగం తగ్గించి దూకింది అతడే. బ్రేకులు పడలేదు, అందుకే దూకానన్నాడు కోర్టులో. చిన్నసుబ్బమ్మ ఏమీ అడగలేదు. అడిగితే చెప్తాడు, చెప్తే వినాలి, ఇంక వినాల్సింది ఏమీ లేదనిపించింది. తెల్లబట్టలవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. గోనెసంచి వాడు దాన్ని ఎక్కడ దించాలో తెలీక అలాగే పట్టుకుని ఉన్నాడు.

“మరి ఈ బరువు ఎట్ల తీసకపోవాల మేము?” అన్నాడు వాళ్ళలో ఒకడు, పడవను చూపిస్తూ. “ఆ బండన్నా ఈడ పెట్టు.”

“బండి నాది” అంది చిన్నసుబ్బమ్మ. “అది నాకెవురూ దయదల్చి ఇయ్యలా.”

కమ్మి పట్టుకుని ఖాళీ బండిని లాక్కుంటూ కొట్టంవైపు నడిచింది. మేకలున్నాయి, నడవడానికి మైదుకూరు దాకా, ఇంకా అవతల దాకా బీళ్ళున్నాయి, బతకడానికి పడవే కావాలని రాసిపెట్టి లేదు. వెనక నలుగురు మగవాళ్ళు తాడు పట్టుకుని నీళ్ళ అంచున నిలబడే ఉన్నారు. కొంతదూరం పోయాక ఆమెకు నడక కష్టమైంది. ఎందుకో తెలీలేదు. ఆగి, ఒక కాలెత్తి చూసుకుంది, ముల్లేమో అని. ముల్లు లేదు. మళ్ళీ నేల మీద పెట్టింది. నేల కాలుతోంది. ఒండ్రునేల పెనంలా కాలుతోంది, అరికాళ్ళు భగభగమంటున్నాయి. ఎన్ని ఎండాకాలాలు ఆమె ఈ నేల మీదే చెప్పుల్లేకుండా తిరిగింది, ఒక్కసారీ కాలినట్టు తెలిసింది లేదు. “అబ్బా” అంది, పైకే, తన గొంతు తనకే కొత్తగా వినిపించగా. ఒక కాలు మీదనుంచి ఒక కాలు మీదికి మారుతూ, నీడ ఎక్కడుందా అని చుట్టూ చూసింది.